బాపు మీద నేను రాసిన రికార్డు

మా బాపుకు, అంటే మా నాన్నకు, మనసు చెడిందని దాదాపు ఏడాది పాటు నేను నమ్మాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. కాగితం మీద రాశాను, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను, చివరికి ఆస్పత్రి మంచం మీదున్న మా అమ్మకు కూడా అదే చెప్పాను. నేను అనుకున్న జబ్బు ఆయనకు లేదు. నా తెలివితేటల వల్ల ఆయన పోగొట్టుకున్నది ఇక తిరిగి రాదు. కనీసం అది ఎలా పోయిందో దాచుకోకుండా చెప్పాలని కూర్చున్నాను.

మేం ఉండేది సూరత్‌లో, ఉధ్నాలో. కరీంనగర్ దిక్కు నుంచి బాపు పెళ్లికి ముందే ఇక్కడికి వచ్చి సాంచెల మీద పనికి కుదిరాడు. సాంచెలంటే మరమగ్గాలు. ఒక షెడ్డు నిండా అవి ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని లోపల మాటలన్నీ పెదవుల మీదే నడుస్తాయి. ఒకరి నోరు ఇంకొకరు చూసి అర్థం చేసుకుంటారు, మిగిలింది చేతి సైగలు. బాపు ఇందులో ఆరితేరినవాడు. ఇంటి ముందు గ్యాలరీలో, అంటే వరండాలో నిలబడి, రోడ్డుకు అవతల గొడవపడుతున్న మొగుడూ పెళ్లాలు ఏమనుకుంటున్నారో మాకు చెప్పి నవ్వించేవాడు. మేం అదొక సరదా విద్య అనుకునేవాళ్లం.

అమ్మా నేనూ ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అతికించేవాళ్లం. పన్నెండో తరగతి గట్టెక్కాక నేను దూరవిద్యలో డిగ్రీ కట్టాను. లెక్కలు ఉండవని తెలిసి సైకాలజీ తీసుకున్నాను. పుస్తకం చేతికొచ్చిన వారానికే అది నా తలకెక్కింది. అవధానం, ప్రత్యక్షం, అభ్యసనం, స్మృతి, ఉద్వేగం అంటూ ఒక్కో పాఠం చదవడం, ఇంట్లో ఉన్న ఇద్దరికీ దాన్ని అంటగట్టడం. అమ్మ చాయ్‌లో చక్కెర మరిచిపోతే విస్మృతి. కింద వాటాలోని కుక్క గేటు చప్పుడుకే తోకాడిస్తే నిబంధనం. ఒకరోజు పప్పు మాడితే అవధాన లోపం అన్నాను. "స్టవ్ కాడ కూసోవెట్టింది నిన్ను. నువ్వు బుక్కు పట్టుకున్నవు, పప్పు మాడింది. గా లోపానికి ఏం పేరున్నదో జర సూడు," అంది అమ్మ. నాకు కోపం వచ్చింది. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కదా అన్న పొగరు అప్పుడు నాకు బాగానే ఉండేది.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచెలు బంద్ అయ్యాయి. ఊళ్లకు పోయేవాళ్లు పోయారు, మేం ఉండిపోయాం. ఆ రోజుల్లోనే డిగ్రీవాళ్లు ఒక పని ఇచ్చారు. ఒక మనిషి ప్రవర్తనను కొన్ని నెలలు పరిశీలించి రికార్డు రాయాలి. పరిశీలించేవారు తమ అభిప్రాయాన్ని అందులో కలపకూడదని పుస్తకంలో ప్రత్యేకంగా ఉంది. బయటికి పోయే వీలు లేదు, ఉన్నది ఒకటే గది, అందులో ఎదురుగా బాపు. ఆయన్నే ఎంచుకున్నాను.

నిజంగానే ఆయన మారిపోయాడు. రేషన్ దుకాణానికి పోయి ఉత్త సంచితో తిరిగొచ్చాడు. దుకాణంవాడు ఏదో అడిగాడట, ఈయన చూస్తూ నిలబడ్డాడట, వెనకవాళ్లు తోసేశారట. ఆ తర్వాత దుకాణం ఊసెత్తితే "నువ్వే పో బిడ్డా" అనేవాడు. సాయంత్రం గ్యాలరీలో చుట్టుపక్కలవాళ్లు మాస్కులు పెట్టుకుని దూరదూరంగా నిలబడి ముచ్చట్లాడుకుంటుంటే లోపలికి వచ్చేసేవాడు. నలుగురిలో కలవడం మానేశాడని రాశాను. సాంచెలు మళ్లీ తెరిచాక షెడ్డులో మాస్కు లేకపోతే రానివ్వలేదు. పనికి పోయొచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, "ఎవ్వడు మాట్లాడ్తలేడు. అందరు మూతులు కట్టుకున్నరు. దినమంత మూగోని లెక్క ఉండుడే," అనేవాడు. లోకం తనతో మాట్లాడటం మానేసిందని అనుమానిస్తున్నట్టు రాశాను. కుంగుబాటు లక్షణాల పట్టికలో ఒక్కోదానికీ పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, టిక్కు పడిన ప్రతిసారీ లోపల చిన్న సంతోషం కలిగేది.

రెండో వేవ్‌లో అమ్మకు జ్వరం వచ్చింది. ఆ ఒక్క గదిలోనే ముగ్గురం మాస్కులు పెట్టుకుని తిరిగాం. బాపూ, నీళ్లు కాగినయి అంటే తిరిగి చూడడు. బాపూ, అమ్మకు గోలీ ఇచ్చినవా అంటే పలకడు. పలకరిస్తే స్పందన లేదని రాసుకున్నాను. అమ్మ జ్వరంలో మూలుగుతుంటే ఈయనకు ఉలుకూ పలుకూ లేదేమిటని కడుపు మండిపోయేది. మండినా కూతురిలా తిట్టలేదు. ఓపికగల డాక్టరమ్మలా ఊరుకున్నాను.

అయిదో రోజుకు అమ్మకు ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో చేర్చుకున్నారు కానీ మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అమ్మ ఫోన్ చేసేది. బాపు చేతికిస్తే చెవి దగ్గర పెట్టుకుని ఆఁ ఆఁ అని నాకు తిరిగి ఇచ్చేసేవాడు. ఇంట్లో ఫోన్లు మాట్లాడేది ఎప్పుడూ అమ్మే కాబట్టి అది నాకు వింతగా తోచలేదు. అమ్మ మాత్రం తట్టుకోలేకపోయింది.

"మీ బాపుకు నా మీద కోపమున్నదా?" అని అడిగింది ఒకరోజు. "రెండు మాటలు గూడ మాట్లాడడు. ఇంట్లకు జరం నేనే తెచ్చిన్నని అనుకుంటున్నడా?"

"కోపం కాదమ్మా. బాపుకు మనసు బాగలేదు. గదొక జబ్బు. నేను సదివిన. నువ్వు పరేషాన్ గాకు, నేను సూసుకుంట."

"జబ్బా?" అంది. "నేను ఇంట్ల లేకపోతె ఆయనను ఎవలు సూడాలె?"

ఆ ప్రశ్నకు నేనేం చెప్పానో గుర్తులేదు. ధైర్యం చెప్పాననే అనుకున్నాను. ఆస్పత్రిలో ఒంటరిగా పడున్న మనిషి నెత్తిన ఇంకో బరువు పెట్టానని నాకు తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం వార్డులో పనిచేసే ఒకామె దయతలచి తన ఫోన్‌లోంచి వీడియో కాల్ చేసింది. అమ్మ ముక్కూ నోరూ కప్పేస్తూ ఆక్సిజన్ మాస్కు ఉంది. బాపును చూస్తానంది. స్పీకర్ పెట్టి ఫోన్ ఆయన చేతికిచ్చి పక్కనే కూర్చున్నాను. అమ్మ మాట్లాడింది. ఆగి ఆగి, ఊపిరి కూడదీసుకుంటూ, రెండు మూడు నిమిషాలు మాట్లాడింది. మాస్కులోంచి గొంతు బొంగురుగా వస్తోంది, వెనకాల మిషన్ల చప్పుడు ఉంది. అయినా చెవి పెట్టి వింటే అర్థమయ్యేదే. నేను వినలేదు. నేను బాపు మొహం చూస్తున్నాను. భార్యను అలా చూసినప్పుడు ఆయనలో ఏ ఉద్వేగమైనా పైకి వస్తుందా రాదా అన్నది ఆ నిమిషంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైపోయింది. కన్నీళ్లు లేవు. ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు, మళ్లీ దూరంగా పట్టుకున్నాడు. చివర్లో అమ్మ గొంతు కొంచెం పైకి లేచింది, ఏదో అడిగినట్టు. బాపు ఒక్క క్షణం ఆగి, ఊఁ అని తలూపాడు. అమ్మ కళ్లు మూసుకుంది. ఆ వార్డామె ఫోన్ తీసేసుకుంది. ఒకసారి తలూపాడు, మొహంలో మార్పు లేదు అని ఆ సాయంత్రమే రాసి పెట్టాను.

రెండు రోజుల తర్వాత అమ్మ పోయింది. దూరం నుంచి చూపించి వాళ్లే తీసుకుపోయారు. బాపు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, ఒకరినొకరు పట్టుకుని కాదు, చెరో గోడకు. ఒక నెల గడిచాక నేను రికార్డు శుభ్రంగా తిరగరాసి పంపాను. పరిశీలన చాలా నిశితంగా ఉందని మెచ్చుకుంటూ తిరిగొచ్చింది.

తర్వాత దగ్గర్లోని బడిలో టీకాలు వేస్తున్నారంటే బాపును తీసుకుపోయాను. టేబుల్ దగ్గర కూర్చున్న నర్సు మాస్కులోంచి ఏదో అడిగింది. బాపు నా వైపు చూశాడు. నేను ముందుకు వంగి, ఆయనకు దిమాగ్ సరిగా లేదు, ఏదైనా నన్నే అడగండని హిందీలో చెప్పాను. ఆమె నన్నొకసారి, ఆయన్నొకసారి చూసింది. తన మాస్కు గడ్డం కిందికి లాగి, ఆయన కళ్లలోకి చూస్తూ, గొంతు పెంచకుండా మళ్లీ అడిగింది. బాపు తన పేరు, వయసు, ఏ షెడ్డులో పని, షుగరు లేదు, బీపీ లేదు అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. పైగా ఆమె గుజరాతీలో అడిగింది, ఈయన గుజరాతీలోనే చెప్పాడు. ఆమె మాస్కు మళ్లీ పైకి జరిపి ఇంకో మాట అడిగింది. బాపు మళ్లీ నా వైపు చూశాడు.

"దిమాగ్ ఠీక్ హై, బెటీ. కాన్ దిఖావో," అంది ఆమె. బుర్ర బాగానే ఉందట, చెవులు చూపించమంది. మా వెనక మనిషిని రమ్మని చెయ్యి ఊపింది.

నేను ఏడాది పాటు చేసిన పరిశీలన ఆమెకు రెండు నిమిషాల పని అయింది. అవమానంతో నా చెవులు వేడెక్కాయి. దానికంటే భయం ఎక్కువ వేసింది, ఎందుకో అప్పటికింకా పూర్తిగా అందలేదు.

చెవుల డాక్టరు బాపుకు హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేశాడు. రెండు చెవులూ చాలావరకు పోయాయన్నాడు. నిన్నా మొన్నా పోయినవి కావు, ఏళ్ల తరబడి సాంచెల చప్పుడుకు కొంచెం కొంచెంగా పోయాయి, చెవికి మిషన్ పెడితే కొంత నయం అన్నాడు. నేను మాస్కు తీసి బాపుకు చెప్పాను. ఆయన నమ్మలేదు. "నాకు తెల్వనే తెల్వదు," అన్నాడు. "మూతికి గుడ్డ కట్టుకున్నంక ఎవల మాట ఎవలకినొస్తది? అందరికి గిట్లనే ఉంటదనుకున్న."

అక్కడ బెంచీ మీద కూర్చుని ఉండగా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఏనాడూ వంటగట్టు దగ్గర్నుంచి బాపును కేకేసి పిలవలేదు. చేతులు తుడుచుకుని, ముందుకొచ్చి, భుజం మీద తట్టి, ఆయన చూశాకే నోరు తెరిచేది. చిన్నప్పుడు నేను వెనక నుంచి ఏదైనా అడగబోతే, "బాపుతోని ఎన్కకెల్లి ఏం మాటలు? ముంగటికొచ్చి మాట్లాడు," అని కసిరేది. అమ్మ తండ్రి కూడా భీవండిలో సాంచెల మీద బతికినవాడే. మా మనుషుల ఇళ్లలో అది పెద్దలకిచ్చే మర్యాద అనుకునేవాళ్లు. ఎందుకు మొదలైందో అమ్మకూ తెలిసి ఉండదు. బయట హిందీ, గుజరాతీ నేర్చి పెరిగినదాన్ని, నాకది పల్లెటూరి చాదస్తంలా అనిపించి ఎప్పుడో మానేశాను. ఆ ఒక్క అలవాటు నేను రికార్డులో రాసి ఉంటే మిగతా పేజీలు రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇద్దరం బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. మిట్టమధ్యాహ్నం, స్టాపులో జనం బాగానే ఉన్నారు. బాపు చెవుల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా వైపు తిరిగాడు.

"బిడ్డా, ఆ దినం మీ అమ్మ ఫోన్ల ఏం జెప్పింది?"

నేను బస్సు వచ్చే దిక్కు చూశాను.

"నాకు ఇనరాలె. మూతికి గది పెట్టిండ్రు గదా, ఏం తెల్వలె. ఆఖరికి ఏమో అడిగింది. పానం బాగలేని మనిషిని మల్ల మల్ల ఏం అడుగుదునని ఊ అన్న. నువ్వు పక్కకే కూసున్నవ్, ఇన్నవ్ గదా. నువ్వే జెప్తవని ఇన్ని దినాలు సూసిన. నేను దేనికి ఊ అన్న?"

అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. వేళకు తినమన్నదని, తాగుడు జోలికి పోవద్దన్నదని, నా పెళ్లి చెయ్యమన్నదని. ఏదైనా నమ్మేవాడు. ఒక్కటి కూడా నోటికి రాలేదు. నేను వినలేదు బాపూ అన్నాను, మాస్కు లోపలే, తల వంచుకుని.

"ఏంది?"

మళ్లీ అన్నాను, ఇంకా మెల్లగా. ఆయన చెయ్యి చాపి, గడ్డం పట్టుకుని నా మొహం పైకెత్తి, మాస్కు తనే కిందికి లాగాడు. ఇక తప్పించుకునే దారి లేదు. స్టాపులో అందరూ తిరిగి చూసేలా, ఒక్కో అక్షరం విడిగా పలుకుతూ చెప్పాను.

"నాకు తెల్వదు బాపూ. నేను ఇనలే. అమ్మ మాట్లాడుతుంటె నేను నిన్ను సూసుకుంట కూసున్న."

ఆయన నా పెదవుల వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. తిట్టలేదు. తిడతాడని నేను ఎదురుచూశాను.

"మీ అమ్మకు మాటిచ్చిన గద బిడ్డా," అన్నాడు. "ఏం మాటనో తెల్వకపోతె, నేను ఎట్ల నిలవెట్టుకోవాలె?"