పెళ్ళికో గళ్ళ లుంగీ

గుడియాత్తంలో పూర్ణచంద్ర లుంగీ కట్టనివాడు మగవాడే కాదని ఒకప్పుడు చెప్పుకునేవాళ్ళు. ఎక్కువగా చెప్పుకున్నది పూర్ణచంద్రే.

యాభై దాటిన మనిషి. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో పద్నాలుగు మగ్గాలు. ముత్తాతల కాలంలోనే తెలుగు నేల నుంచి వచ్చి ఈ తమిళ ఊళ్ళో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కోపం వస్తే రెండూ. లుంగీ మీద అంటించే చీటీలో నెమలి బొమ్మ, దాని కింద తన తండ్రి పేరు. ఆ చీటీని వేలితో తుడవకుండా ఒక్క లుంగీని కూడా అంగడి దాటనిచ్చేవాడు కాదు.

ఈ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. మగ్గం మనుషుల ఇళ్ళలో ఆడపిల్ల పెళ్ళి కుదిరినా, ఈ ఇంటికి కోడలు వస్తున్నా, ఆ పిల్ల పేరున కొత్త గళ్ళు పుట్టాలి. రంగులు కలిపి, పడుగు వేసి, తొలి లుంగీ పెళ్ళికొడుక్కి పెడతారు. ఆపైన ఆ గళ్ళు నేస్తూనే ఉంటారు. సుగంతి గళ్ళు, తమిళ్‌సెల్వి గళ్ళు, అంబిక గళ్ళు. ఒకసారి పుట్టిన గళ్ళను నేయడం నిలిపేస్తే ఆ పిల్ల కాపురాన్ని నిలిపేసినట్టే అని పూర్ణచంద్ర తండ్రి నమ్మాడు, కొడుకూ నమ్మాడు. షెడ్డులో ఆడపిల్లలకేం కొదవ లేదు. అందుకని గోడౌను పెళ్ళిళ్ళతో నిండిపోయింది. వేలూరు బజారులో అంగళ్ళవాళ్ళు అడిగేది మాత్రం అయిదారు రకాలే. అవి కావాలని ఫోను వచ్చేసరికి మగ్గాల మీద ఎవరిదో పెళ్ళి నడుస్తూ ఉండేది.

నూలు కొనడానికి చేతిలో డబ్బు ఆడని రోజు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఈరోడ్ నుంచి శివప్రకాశం అనే పెద్ద వ్యాపారి కారులో దిగాడు. మగ్గాలన్నీ తనకు అద్దెకిమ్మన్నాడు. నూలు తనది, గళ్ళు తనవి, చీటీ కూడా తనదే. పైగా ఎనిమిది మగ్గాలు చాలు, మిగిలిన ఆరింటినీ విప్పి పక్కన పెట్టమన్నాడు. ఆరు మగ్గాలంటే ఆరు ఇళ్ళు.

"ఆడి నెలలో మంచి మాట ఎత్తకూడదు లేండి. ఆవణి పుట్టినాక మొదటి శుక్రవారం చెప్తాను," అని పూర్ణచంద్ర తమిళుల ఆషాఢాన్ని అడ్డు పెట్టి గండం వాయిదా వేశాడు.

అప్పు కోసం వేలూరుకు పోతే బ్యాంకు మేనేజరు కాగితాలు తిరగేసి, "పోయిన ఏడాది ఏమైందో మీ ఆడిటరు చక్కగా రాశాడు. రాబోయే ఆరు నెలలు ఏం చేస్తారో చెప్పే మనిషి ఎవరు?" అని అడిగాడు. పూర్ణచంద్ర పైకి చూశాడు. పైన ఫ్యాను ఒక్కటే ఉంది.

పెద్ద కంపెనీల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఒక అధికారి ఏసీ గదిలో కూర్చుని ఉంటాడు. చిన్నవాడికి ఉండేది జ్యోతిష్కుడు, బావమరిది, టీ అంగడి. మునిగిపోయాక మాత్రం ఊళ్ళో ప్రతివాడూ ముందే తెలుసంటాడు. అలాంటి అధికారిని నెల జీతానికి పెట్టుకుంటే సగం మగ్గాల సంపాదన ఆ ఒక్క మనిషికే పోతుంది. అయితే వారానికి ఒక్కరోజు వచ్చేవాళ్ళు కూడా ఉంటారని ఆ మేనేజరే చెప్పి, హేమమాలిని పేరు చెప్పాడు.

హేమమాలిని వేలూరు మనిషి. చెప్పులు ఎగుమతి చేసే కంపెనీలో డబ్బు వ్యవహారాలన్నీ ఏళ్ళ తరబడి నడిపింది. కంపెనీ మూతపడ్డాక, వయసైందని వేరేచోట ఎవరూ తీసుకోలేదు. తీసుకోనివాళ్ళ తెలివి అంతటిది. దాంతో ఆమె తన వారాన్నే ముక్కలు చేసి చిన్న చిన్న వ్యాపారాలకు పంచిపెట్టింది. గుడియాత్తానికి బుధవారం దక్కింది.

ఎదురుగా టీ అంగడి ఏళుమలైకి ఈ సంగతి ఆమె బస్సు దిగకముందే తెలిసింది.

"ఏమప్పా పూర్ణచంద్రా, కంపెనీకి పెద్ద ఆఫీసరమ్మను పెట్టినావంట? వారానికి ఒక్క పొద్దేనంట? మిగతా పొద్దులు ఆయమ్మ యాడికి పోతాది?"

"కాట్పాడిలో బేకరీకి. అరక్కోణంలో ఇనుప పనివాండ్ల దగ్గరికి. పొన్నైలో బెల్లం మండీకి."

"అంటే అన్ని ఇండ్లకీ ఒకటే వంటమనిషి!"

"ఆమాప్పా. ఎవురింట్లో ఉప్పు ఎక్కువయిందో ఆయమ్మకే తెలుస్తాది. నీ టీలో చక్కెర సంగతి కూడా అడిగి చెప్తాలే."

మాటకు మాట అన్నాడే గాని లోపల గుబులుగానే ఉంది. అన్ని చోట్లకీ పోయే మనిషికి మన మీద అక్కర ఏముంటుంది?

హేమమాలిని వచ్చి కంప్యూటరు ముందు కూర్చోలేదు. గోడౌను తలుపు తియ్యమంది. చీర కొంగు నడుముకు దోపి, ఒక్కో దొంతర ముందూ నిలబడి ఒకే ప్రశ్న అడిగింది.

"ఇది కడసారి ఎప్పుడు అమ్మినారన్నా?"

"ఇది సుగంతి గళ్ళమ్మా. మొగుడు రైల్వేలో. బంగారట్లా ఇద్దరు ఆడబిడ్డలు."

"సంతోషం. లుంగీ ఎప్పుడు అమ్మినారు?"

"అదో, అది తమిళ్‌సెల్వి గళ్ళు. ఆ పెండ్లిలో వాన చూడల్ల, పందిరే ఎగిరిపోయినాది..."

"అన్నా," అంది హేమమాలిని, "మీది లుంగీల వ్యాపారమా, పెండ్లి ఆల్బమా?"

పూర్ణచంద్రకు కోపం రావాలి. కాని నవ్వు వచ్చేసింది.

మధ్యాహ్నానికి ఆమె విషయం తేల్చింది. అమ్ముడుపోయే ఆరు రకాలను పదకొండు మగ్గాలకు ఎక్కించాలి. పెళ్ళి గళ్ళకు మూడు మగ్గాలు. పెళ్ళికి ఒక్క పడుగు, అది రెండు కుటుంబాలకూ సరిపోతే చాలు, గోడౌనుకు రాకూడదు. పేరుకున్న సరుకును ఆడి తగ్గింపులో ఈ నెలలోనే వదిలించుకోవాలి. వచ్చిన దానితో తెల్ల నూలు కొనాలి, రంగు నూలు కాదు; ఏ గళ్ళు అడిగితే ఆ రంగు అప్పుడు అద్దుకోవచ్చు. ఒక్క మగ్గమూ ఆగక్కరలేదు.

"ఒక్కటీనా?"

"ఒక్కటీ. బేకరీవాండ్లు కూడా ఇంతేనన్నా. తాత పేరు పెట్టిన బన్ను ఎవురూ తినకపోయినా పొద్దున్నే కాల్చేవాండ్లు."

"గళ్ళు నిలిపేస్తే మగ్గం వాండ్ల మనసు నొచ్చుకోదా అమ్మా? ఇన్నేండ్లుగా ఎవురూ నాకు ఈ మాట చెప్పలేదే!"

"ఎట్ల చెప్తారు? అందరూ ఆ పెండ్లిండ్లలో భోంచేసినోళ్ళే. ఈ ఊర్లో నాకు ఏ పెండ్లికీ పిలుపు రాలా. అందుకే చెప్పగలుగుతావుండా."

"సరి. మొదట ఏది నిలిపేయాల?"

ఆమె గోడౌను మూల చూపించింది. పసుప్పచ్చ మీద వంకాయ రంగు గళ్ళు, కప్పు దాకా. అవి కాళియమ్మ గళ్ళు. కాళియమ్మ అతని భార్య.

భోజనం దగ్గర అతను సాంబారు రెండుసార్లు పోయించుకుని, అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"ఏమయ్యా, దాంట్లో ఏమన్నా పడినాదా?" అంది కాళియమ్మ.

"అది కాదు... నీ గళ్ళు ఉండాయి చూడు... ఆయమ్మ ఏమంటాదంటే... కొంచెం నాళ్ళు..."

"నిలిపేయమనిందా?"

అతను తల ఊపాడు. కాళియమ్మ గరిటె కింద పెట్టింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని పూర్ణచంద్ర ఎంగిలి చేత్తోనే లేచాడు. ఆమె ఏడవడం లేదు. నవ్వు ఆపుకోలేక గోడకు చేరగిలబడింది.

"ఎవురు కట్టుకున్న పుణ్యమో! మీ నాయనకు కండ్లు మసకేసినప్పుడు కలిపిన రంగులయ్యా అవి. వంకాయ పులుసు ఒలికినట్ల ఉంటాది. పెండ్లి పీటల మీదే చెప్దామనుకున్నా. పెద్దాయన అంత ముద్దుగా చూపిస్తావుంటే నోరు రాలా."

"ఇన్నేండ్లూ చెప్పలా?"

"నువ్వు ప్రతి పండక్కీ అదే కట్టుకోని నా ముందర తిరుగుతా ఉంటివి. ఎట్ల చెప్పేది?"

చేయి కడుక్కునేలోపే ఆమె షెడ్డులోకి నడిచింది. మగ్గాల చప్పుడును మించి గొంతెత్తింది.

"అందరూ వినండప్పా! నా గళ్ళు దించేస్తావుండారు. ఎవురూ ఏడవద్దండి!"

మగ్గాలు నిలిచాయి. అందరికన్నా పెద్దవాడు పెరియసామి కళ్ళద్దాలు నుదుటికి జరిపాడు.

"అట్లయితే మా అంబిక గళ్ళు కూడా దించేయండమ్మా. ఎవురికోసం నేస్తావుండామో, ఆ అల్లుడే ఇప్పుడు ఇంట్లో పాంటు వేసుకోని తిరుగుతాడు."

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు తమ పిల్లల గళ్ళు కూడా దించేయమని తామే చెప్పారు. అల్లుళ్ళ మీద దాచుకున్న ఫిర్యాదులన్నీ ఆ మధ్యాహ్నమే బయటపడ్డాయి.

ఆడి తగ్గింపులో సరుకు కదిలింది. కాళియమ్మ గళ్ళను కాట్పాడిలో హాస్టలు పిల్లలు ఎగబడి కొన్నారు, కిటికీలకు తెరలు కట్టుకోవడానికట. "తలుపుకైనా, కిటికీకైనా! ఇల్లు దాటినాయి గదా," అంది కాళియమ్మ.

బ్యాంకు మేనేజరు ఈసారి అడిగిన ప్రతిదానికీ హేమమాలిని జవాబు చెప్పింది. పూర్ణచంద్ర కాఫీ తాగాడు. అతను అడుగుదామనుకున్న దానికన్నా ఆమె తక్కువ అప్పే అడిగింది. బయటికి వచ్చాక అతను నొచ్చుకున్నాడు.

"ఇస్తానన్నాడు గదమ్మా, ఇంకొంచెం తీసుకోని ఉంటే?"

"వాండ్లు ఇచ్చేంత కాదన్నా, మనకు కావల్సినంతే తీసుకోవాల." అంటూనే ఆమె వచ్చిన బస్సు ఎక్కింది. మరుసటి రోజు బెల్లం మండీ.

ఆవణి మొదటి శుక్రవారం శివప్రకాశం కారు వచ్చింది. చేతిలో ఒప్పందం కాగితాలు. పూర్ణచంద్ర కొత్త నీలం గళ్ళ లుంగీ కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. పొద్దుటి నుంచి మనసులో అనుకుంటున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"మగ్గాలు ఇవ్వనన్నా," అన్నాడు.

"చూసుకోండి. నూలు కొనేదానికి మళ్ళీ నా దగ్గరికే రావాల."

"నూలు వచ్చినాది. పోయిన వారమే. పద్నాలుగు మగ్గాలూ ఆడతావుండాయి. వినపడతాదా?"

శివప్రకాశం విన్నాడు. వ్యాపారి, అతనికి ఆ చప్పుడు అర్థమవుతుంది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోయిన తూరి వచ్చినప్పుడు మునిగిపోయే మనిషి మాదిరి ఉంటిరి. ఎవురు చెప్పినారు మీకు ఇవన్నీ?"

"మా ఆఫీసరమ్మ."

"మీకు ఆఫీసరమ్మా?" పూర్ణచంద్రను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. "సరే, ఆ నీలం గళ్ళది నాకు పంపండి. మీ చీటీతోనే."

కారు పోయింది. పూర్ణచంద్ర షెడ్డులోకి వచ్చాడు. అందరూ అతని ముఖం వైపే చూశారు. ముందు పెరియసామి మగ్గం నిలిచింది, తర్వాత పక్కది, ఆ తర్వాత అన్నీ. పూర్ణచంద్ర నుదుటి చెమట తుడుచుకుని, ఉన్న గొంతంతా పెట్టి కసిరాడు.

"ఏమప్పా, ఎందుకు నిలిపేస్తిరి? నిలపమని ఎవురన్నా చెప్పినారా?"

పెరియసామి పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. ఆడు, ఆడు అని చప్పుడు చేస్తూ మగ్గాలు ఒక్కసారిగా అందుకున్నాయి.