దిగుడు మైలేజీ

నా బండి లీటరుకు తొంభై ఇస్తుంది. మదనపల్లెలో నా ఈడువాళ్లు టీ అంగళ్ల దగ్గర షుగరు గురించీ మోకాళ్ల గురించీ మాట్లాడుకుంటే నేను మైలేజీ గురించి మాట్లాడతాను. కొత్త బండి కొనదలిచినవాడు షోరూముకు పోయే ముందు నా దగ్గరికి వస్తాడు. పెట్రోలు బంకువాళ్లయితే నేను రావడం చూసి ముఖం తిప్పుకుంటారు, ఈయన వల్ల మనకు ఒరిగేదేముందని.

బంకువాళ్ల సంగతి నేను కల్పించింది. వాళ్లకు నేనెవరో కూడా తెలియదు. తొంభై సంగతి కొంచెం ఆగి చెబుతాను. ముందు కుప్పం సంగతి చెప్పాలి.

కుప్పంలో దగ్గరి బంధువుల ఇంట్లో గృహప్రవేశం. పంక్తిలో నా పక్కన మా చెల్లెలి మొగుడు కూర్చున్నాడు. వాళ్లది చౌడేపల్లె పక్కన పల్లె, ఆవులు మేపుకుని బతుకుతారు. పాలను పుంగనూరు తీసుకుపోయి ఇంటింటికీ పోసేది మాత్రం మా చెల్లెలే. పాల కేంద్రంలో పోసినదానికన్నా ఇళ్లలో పోస్తే ధర బాగుంటుంది. అయితే ఆటోలో పోవాలి. ఆటోవాళ్లు మనిషికొక సీటు, క్యానుకొక సీటు లెక్క కట్టేవాళ్లు. అందుకని మోపెడ్ కొనాలని ఆమె పట్టుపట్టింది. పక్కింటివాళ్ల మోపెడ్ అడిగి తీసుకుని, కళ్లంలో గుండ్రంగా తిరిగి తిరిగి నేర్చుకుంది కూడా.

"మోపెడ్ తీసుకుందామని ఉండాము బావా. ఖర్చు ఎట్లుంటాది?" అని అడిగాడు మా బామ్మర్ది.

బండి గురించి నన్నొకడు అడగడం, దానికి నలుగురు తల తిప్పి చూడడం. ఇక నేనాగుతానా?

"మోపెడ్డా? అది పెట్రోలు తాగదప్పా, పీలుస్తాది. చిన్న చక్రాలు. మన రోడ్లలో గుంతొకటి తగిలితే సాలు, రిమ్ము వంగుతాది. నా మాట ఇని గేర్ల బండి తీసుకో. నాది తొంభై ఇస్తాండాది."

ఎదుటి పంక్తిలోంచి ఎవరో అందుకున్నారు. "తొంభయ్యా? పెట్రోలు పోస్తాండావా, వాసన సూపిస్తాండావా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను కూడా నవ్వితే తొంభై కాస్తా అక్కడే అరవై అయిపోతుంది. ఆ తర్వాత చేతులు కడుక్కునే చోట, ఎవరో చెంబుతో నీళ్లు పోస్తుంటే, మా బామ్మర్దితో ఇంకో రెండు మాటలు అన్నాను. సరదాకు అన్నవి. అవి ఇక్కడ అనవసరం.

నెల తిరక్కుండానే వాళ్లు పుంగనూరులో గేర్ల బండి కొన్నారు. "అచ్చం నీ బండే బావా" అని ఫోనులో మురిసిపోతూ చెప్పాడు మా బామ్మర్ది.

ఇప్పుడు తొంభై సంగతి. మొన్న మొన్నటిదాకా నేను హార్స్లీ హిల్స్ మీద ఒక అతిథిగృహంలో సరుకుల గది చూసుకునేవాడిని. పొద్దున్నే మదనపల్లె నుంచి కొండ మీదికి కాయగూరల వ్యాను పోతుంది. దాని డ్రైవరు నా స్నేహితుడు. నా బండిని టమోటా క్రేట్ల మధ్య నిలబెట్టి, తాడుతో బిగించి, నేను ముందు సీట్లో కూర్చునేవాడిని. సాయంత్రం దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసి వదిలితే కొండ అడుగుదాకా బండి తనంతట తానే దొర్లుకుంటూ వచ్చేది. ఎక్కిన దూరం మీటరుకు తెలియదు, దిగిన దూరం ఇంజినుకు తెలియదు. తొంభై వచ్చిందంటే అందులో బండి గొప్పేముంది?

పైగా పెట్రోల్లో మిగిలింది బ్రేకుల్లో పోయేది. అంత దిగుడులో ఇంజిన్ ఆపితే బండిని పట్టి ఆపేది బ్రేకులొక్కటే కదా. మా మెకానిక్కు బ్రేకు షూలు మార్చి మార్చి విసుగొచ్చింది. "పెద్దాయనా, నువ్వు బంకుకు పోయేది యాల? బ్రేకు షూల అంగడి పక్కన ఇల్లు కట్టుకో" అనేవాడు. ఆ ఖర్చు నేను ఎవరికీ చెప్పలేదు. అడిగేవాళ్లు మైలేజీ అడుగుతారు గానీ బ్రేకు షూల గురించి అడగరు. కొండ మీద పని మానుకున్నాక నా బండి యాభై చిల్లర ఇస్తోంది. అదీ ఎవరికీ చెప్పలేదు.

ఈ మధ్య ఒకరోజు పొద్దున్నే చౌడేపల్లె వైపు పోతుంటే, మలుపు దగ్గర మా చెల్లెలు కనిపించింది. కాళ్ల దగ్గర రెండు పాల క్యాన్లు.

"ఈడేం చేస్తాండావు మే? బండి యాడ?"

"షెడ్డులో ఉండాదన్నా. క్లచ్చు పోయిందంట. బండి ఉండే దినాలు నీ బామ్మర్ది కేంద్రంలో పోసేసి వచ్చేస్తాడు. ఇల్లిల్లూ తిరగను, నాకు సిగ్గు అంటాడు. బండి లేని దినాలు నేను ఆటోలో పోతాండాను."

"రా, ఎక్కు" అన్నాను. ఒక క్యాను ట్యాంకు మీద నా కడుపుకు ఆనించుకున్నాను. రెండోది ఒళ్లో పెట్టుకుని ఆమె వెనుక కూర్చుంది.

పుంగనూరు వీధుల్లోకి వచ్చేదాకా బాగానే ఉంది. అక్కడి నుంచి మొదలైంది. "ఆపన్నా." ఆపాను. పోసింది, ఎక్కింది. క్లచ్చు పట్టు, గేరు వెయ్యి, నాలుగిళ్లు దాటకముందే మళ్లీ "ఆపన్నా." రెండో వీధికే ఎడమచేతి వేళ్లు లాగాయి. ఇంజిన్ వేడి తొడకు తగులుతోంది. గేర్లు లేని మోపెడ్డయితే ఆమె ఒక్కతే క్యాన్లు ముందు పెట్టుకుని, కాళ్లు నేలకు ఆనించి, ఆగి, పోసి, సాగిపోయేది. ఇట్లా ఇంటికొకసారి ఆగే బండికి లీటరు లెక్క ఏం చెబుతుంది? ఈ పనికి గేర్ల బండి పనికిరాదని నా వేళ్లకే తెలిసింది.

ఒక ఇంటావిడ గిన్నె పట్టుకొచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "ఏమ్మా, బండి కొంటామంటివే? కొనలేదా?"

"కొన్నామక్కా. మగబండి."

"మగబండేంది?"

"మగోళ్లు ఎక్కితేనే కదులుతాది."

ఆవిడ పగలబడి నవ్వింది. "మరి ఈయప్పెవరు?"

"మా అన్న. ఈయన బండి తొంభై ఇస్తాది."

అంత మామూలుగా అంది. నేనెప్పుడూ హెల్మెట్ పెట్టుకోను. ఆ రోజు మాత్రం పెట్టుకుని ఉంటే బాగుండేదనిపించింది, తలకు కాదు, ముఖానికి.

పక్క వీధిలో ఒక ఇంటి ముందు క్యాను మూత తీసి పిలిచింది. లోపలినుంచి ఒక అమ్మాయి ఉత్త చేతులతో బయటికి వచ్చింది. "ఒక దినం వస్తే రెండు దినాలు రాకపోతివి. మేము ప్యాకెట్ పాలకు మారితిమి. ఏమీ అనుకోవద్దు."

"అనుకునేదానికేముండాది లేమ్మా" అంది మా చెల్లెలు. మూత పెట్టి, అది గట్టిగా పడిందో లేదో అరచేత్తో నొక్కి చూసింది. పడిన మూతనే మళ్లీ నొక్కింది. నేను మీటరు వైపు చూస్తూ నిలబడ్డాను, అక్కడేదో చదవాల్సినట్టు. ఆ తర్వాత వీధిలో ఇంకో రెండిళ్ల ముందు ఆమె ఆపమనలేదు. ఎందుకని నేను అడగలేదు.

చివరికి మిగిలిన పాలు ఒక టీ అంగట్లో తక్కువ ధరకు పోసింది. అక్కడే ఇద్దరం టీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. నేనిక ఉండబట్టలేకపోయాను. అంతా చెప్పేశాను. కాయగూరల వ్యాను, టమోటా క్రేట్లు, ఆపేసిన ఇంజిన్, బ్రేకు షూలు. ఇప్పుడొస్తున్న యాభై చిల్లరతో సహా. చెప్పాక లోలోపల కొంచెం తేలికైంది, అదీ దాచను. ఈ వయసులో చెల్లెలి ముందు తప్పు ఒప్పుకునేవాళ్లు ఎంతమంది ఉంటారని కూడా అనుకున్నాను.

ఆమె టీ తాగడం ముగించి గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"అంతేనా?" అంది.

"అంతే మే. గొప్పకు పోయి చెప్పినాను. నా తొంభై నీ బండిని చెడగొట్టింది."

"నీ తొంభైని నమ్మి ఎవురూ బండి కొనలేదన్నా. అది అబద్ధమని ఆ పొద్దే అందరికీ తెలుసు. చెయ్యి కడుక్కుంటా నువ్వు నీ బామ్మర్దితో ఏమంటివి? 'మోపెడ్ తీసిచ్చినావంటే మా చెల్లెలు క్యాన్లు పెట్టుకోని ఊరంతా తిరుగుతాది, సూసినోళ్లు నన్ను నగుతారు. గేర్ల బండి తీసుకో, దాన్ని మా చెల్లెలు తోలలేదు' అంటివి. దానికి కొన్నాడు ఆయప్ప. ఊరికే మైలేజీ మీదికి తొయ్యబాక. ఆ పొద్దు చెంబుతో నీ చేతికి నీళ్లు పోస్తా ఉన్నింది నేనే."