అంచున రాసిన రెండు వాక్యాలు

మా నాయన ఇంటిపేరు చెప్పుకొని బతికినవాడు కాదు. ఆ పేరు ఇంకా చెల్లుతున్న రోజుల్లోనే హైదరాబాదు వెళ్లి ఒక పెద్ద జాగీర్దారు దగ్గర పనిలో చేరాడు. ఆ జాగీర్దారుకు సర్కారులో పలుకుబడి ఉండేది. ఆయన పేరున పత్రికల్లో వచ్చే ప్రతి ప్రకటనా నాయన రాసిందే. ఏది చెప్పాలో, ఏది చెప్పకుండా ఊరుకోవాలో సలహా ఇచ్చేదీ నాయనే. శుక్రవారం సెలవు గనుక గురువారం సాయంత్రం రైలుకు జహీరాబాద్ వచ్చేవాడు. స్టేషన్ నుంచి ఇంటిదాకా దుకాణాలవాళ్లు లేచి నిలబడేవారు. అప్పటికే తరిగిపోయిన మా భూములను చూసి కాదు, నాయనను చూసి నిలబడేవారు. ఈ మాటను నేను ఎవరి ముందైనా అంటాను.

ఆయన ఉర్దూలో ముసాయిదా రాసేటప్పుడు కాగితానికి ఒక పక్క వెడల్పుగా అంచు విడిచేవాడు. తనకు నచ్చని సంగతి ఉంటే ఆ అంచున పెన్సిలుతో క్లుప్తంగా రాసేవాడు. జాగీర్దారు చదివి, కింద ఎర్ర సిరాతో తన ఆజ్ఞ రాసేవాడు. ప్రకటన అచ్చయ్యాక నాయన ముసాయిదాను చింపి పొయ్యిలో వేసేవాడు. పెన్సిలుతో రాసింది ఇద్దరి మధ్యే ఉండాలన్నది ఆయన నియమం.

హైదరాబాదు రాజ్యం పోయే ముందు, మా వైపు ఊళ్లలో అల్లర్లు మొదలైన రోజుల్లో, జాగీర్దారు పేరున ఒక ప్రకటన వచ్చింది. ఊళ్లన్నీ నిమ్మళంగా ఉన్నాయనీ, ఎవరూ ఇల్లు విడిచి పోనక్కర లేదనీ దాని సారాంశం. కొన్నాళ్లకు రాజ్యమే పోయింది. జాగీర్దారు తాను ఉండే దేవిడీ తలుపులు మూసుకున్నాడు. నాయన ఒక మంగళవారం పట్టపగలు ఇనుప పెట్టెతో ఇంటికి వచ్చాడు. ఆ రోజు ఎవరూ లేచి నిలబడలేదు.

ఆ తరువాత మొగుడంపల్లి వైపు చెరకు రైతు ఒకాయన మా వసారా ముందుకు వచ్చాడు.

"దొరా, ఊర్లన్ని నిమ్మలమే, ఎవలు ఇల్లిడువద్దని పేపర్ల రాసింది నువ్వేనా?"

"నేనే రాసిన."

"హోటల్ల సదివి ఇనిపిచ్చిన్రు. గా మాట పట్టుకొని మా అన్న ఊర్లనే ఉండె. ఇంటితోని సహా కాలిపాయె. నువ్వు మంచిగ జంపఖానా మీద కూసున్నవ్."

నాయన లేచి నిలబడ్డాడు. "కూసో. జర నీళ్లు తాగు."

"నీ ఇంట్ల నీళ్లు నాకెందుకు?" అని ఆయన వెళ్లిపోయాడు. వెళ్లి కొత్త సర్కారు అధికారికి ఫిర్యాదు రాయించాడు.

కొత్త సర్కారు పత్రికల కచేరీలో నాయనకు పని ఇచ్చే విషయం అప్పుడు పరిశీలనలో ఉంది. ఫిర్యాదు నిలిస్తే ఆ పని రాదు. అది రాకపోతే మాకు వేరే ఆధారం లేదు. విచారణకు రమ్మని తహసీలు నుంచి కబురు వచ్చింది.

ఆ వారంలోనే ఇనుప పెట్టె సర్దుతుంటే అడుగున నాకొక ముసాయిదా దొరికింది. ఆ ప్రకటనదే. అంచున నాయన పెన్సిలు రాత: "ఇది నిజం కాదు, మా ఊళ్ల నుంచి జనం పారిపోతున్నారు. దీన్ని పత్రికలకు ఇవ్వవద్దని నా మనవి." కింద ఎర్ర సిరాతో ఒకే మాట: "ఇవ్వండి." అన్నీ కాల్చినవాడు దీన్నొక్కదాన్ని ఎందుకు ఉంచాడో నాకు ఈనాటికీ తెలియదు.

అమ్మకు చదివి వినిపించాను. "నువ్వే చూపియ్యి బిడ్డా," అంది. "ఆయన చస్తె చూపియ్యడు."

నాకు ఇరవై రెండేళ్లు. మా ఇంటి పరువు నా చేతిలో ఉందనుకున్నాను. విచారణ రోజు నాయన కంటే ముందు వెళ్లి ఆ కాగితం అధికారి చేతిలో పెట్టాను. ఆయన మద్రాసు వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఉర్దూ చదివే గుమాస్తాతో రెండు సార్లు చదివించుకున్నాడు. నాయన రాగానే ఆ కాగితం ముందుకు జరిపాడు.

"ఈ పెన్సిలు రాత మీదేనా అండీ? మీదైతే మిమ్మల్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు."

నాయన కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూశాడు. నా వైపు చూడలేదు.

"నాది కాదు."

"మీ అబ్బాయి మీదేనంటున్నారే?"

"తండ్రి మీద ప్రేమతోని వాడే రాసుకొచ్చినట్టున్నడు. మాఫ్ చెయ్యండి."

పక్కనే ఉన్న రైతు నవ్వాడు. "చూసిన్రా సారూ! తండ్రేమో పేపర్లకు రాసె, కొడుకేమో తండ్రికి రాసె. ఇంటిల్లిపాది రాతగాళ్లే!"

అధికారి నన్ను మందలించి వదిలేశాడు. ఆ కాగితం ఫైలులోకి పోయింది. పని రాలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే అడిగాను. "నాయినా, గది మీ రాతే గద?"

"నాదే."

"మరి?"

"వద్దని రాసిన. ఆయన ఇయ్యమంటె ఇచ్చిన. ఇచ్చింది నా చెయ్యే గద. ఆ రైతు అన్నకు అంచుల రాసింది ఎవలు సదివి ఇనిపిచ్చిన్రు?" కొంత దూరం పోయాక మళ్లీ అన్నాడు. "నన్ను నమ్మి మనసుల మాట చెప్పినోని ఎర్రసిరా రాత నేను బజార్ల పెట్ట."

ఇక ఎవరు మీకు మనసులో మాట చెబుతారని అడగాలనిపించింది.

ఇంటి గడపలో ఆగి, "నిన్ను దొంగను చేసిన. అది తప్పే," అన్నాడు. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆ చలికాలం దాటకుండానే పోయాడు. జాగీర్దారు దేవిడీ నుంచి మనిషి రాలేదు, ఉత్తరం రాలేదు. ఆయన రాసిన ప్రకటనలు అచ్చువేసిన పత్రికల్లో ఆయన చావు ఒక్క పంక్తి కాలేదు. బజారులో నన్ను దొంగ కాగితం రాసినవాడనే అనుకున్నారు. ఇన్నేళ్లుగా నేను ఎవరికీ అది నిజం కాదని చెప్పలేదు, ఆయన నోట వచ్చిన మాట గనుక.

ఇప్పుడు ఇది రాయడం ఆయన ఇష్టానికి విరుద్ధం. అంచున ఉన్న ఆ పెన్సిలు రాత ఆయనదే.