డాక్టర్‌కు చెప్పని గోలీలు

ఆ ఆదివారం పొద్దున నాకు నెలసరి రెండో రోజు. ఇబ్రహీంపట్నం మార్కెట్‌లో మా అత్తమ్మ, నేను పక్కపక్కన కూర్చుని చేపలు అమ్ముతాం. తూకం ఆమెది, కోత నాది. కత్తిపీట ముందు కూర్చుని ఒక పెద్ద బొచ్చె చేపకు పొలుసు తీస్తుంటే పొత్తికడుపు లోపల, వెనక వైపు ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టయింది. నెలసరి నొప్పి నాకు కొత్త కాదు, పదమూడో ఏట నుంచీ ఉంది. కానీ ఈ నొప్పి కుడి తొడ మీదుగా మోకాలి దాకా దిగింది. లేచి నిలబడబోయి చేపల టబ్బు మీద పడ్డాను.

"ఏమైందే మంజులా? కండ్లు తిరిగినయా? పొద్దుగాల తిన్నవా లేదా?" అంటూ అత్తమ్మ మొహం మీద నీళ్ళు చల్లింది. కొనడానికి వచ్చినవాళ్ళు మాత్రం నా చేప కోశావా అని అడుగుతూనే ఉన్నారు. నొప్పి కంటే వాళ్ళ మీద కోపమే నాకు ఎక్కువ వచ్చింది.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఆరేళ్ళ పాప ఉంది. రెండో కాన్పు కోసం మూడేళ్ళుగా చూస్తున్నాం, నిలవడం లేదు.

తర్వాతి ఏడాదిన్నర దవాఖానల చుట్టూ తిరగడమే సరిపోయింది. దగ్గరి ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు గంటలు బాగుండేది, మళ్ళీ మొదలు. ఒకచోట స్కాన్ తీస్తే నార్మల్ అని వచ్చింది. ఆ మాట విని, చెరువులో చేపలు పట్టే మా ఆయన శ్రీను సంబరపడ్డాడు, నేను ఏడ్చాను. అంతా నార్మల్ అయితే ఈ నొప్పి ఎక్కడిది? ఒక డాక్టరు గ్యాస్ట్రిక్ అన్నాడు. ఇంకొకాయన, "నెలసరి నొప్పి అందరికీ ఉంటుందమ్మా, నువ్వు కొంచెం సెన్సిటివ్" అన్నాడు. పొద్దున్నుంచి చేప తలలు నరికేదాన్ని, నేను సెన్సిటివ్ అట! అప్పటికే నెలసరి రోజుల్లో మోషన్‌కు వెళ్ళాలంటే వణుకు పుట్టేది, లోపల బ్లేడుతో కోసినట్టు ఉండేది. ఆ సంగతి సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఒక నర్సింగ్ హోమ్‌లో రెండో స్కాన్ తీశారు. డాక్టరు ఫిల్ము వెలుగులో పెట్టి చూసి, "గర్భసంచి వాచింది. ఒక పాప ఉంది కదా, తీసేద్దాం, పీడ పోతుంది" అన్నాడు. వారం తర్వాత ఆపరేషన్ అని తేదీ రాసిచ్చాడు.

ఇంట్లో ఎవరికీ అది పెద్ద విషయంగా అనిపించలేదు. మా చేపల వరుసలో కూర్చునే ఆడవాళ్ళలో చాలామందికి గర్భసంచి లేదు. పన్ను పీకించుకున్నట్టు చెప్పుకుంటారు.

"నేను తీపిచ్చుకోలేదా? ఇద్దరు కొడుకులు పుట్టినంక, ముప్పై నిండకముందే తీసిండ్రు. బతుకుతలేనా?" అంది అత్తమ్మ.

"తీసినంక నొప్పి పోయిందా అత్తమ్మా?"

ఆమె చేపల మీద నీళ్ళు చల్లింది. "గా నొప్పి పోయింది. గిప్పుడొచ్చేది వేరే" అంది.

నెలకోసారి ఆమె వేడి ఉప్పు మూట కడుపుకు అదుముకుని పడుకోవడం పెళ్ళయిన నాటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ రోజు మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. తీసేశాక కూడా నాకు ఇదే మిగిలితే? రెండో బిడ్డ ఆశ పోయి, నొప్పి మాత్రం నాతోనే ఉండిపోతే?

ప్రతి ఆదివారం మా దగ్గర కొర్రమట్ట కొనే ఒకామె ఉంది. పట్నంలో పెద్ద ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, మేం సిస్టర్ అని పిలుస్తాం. ఆపరేషన్ నాలుగు రోజులు ఉందనగా అత్తమ్మ ఆమెకు సంగతి చెప్పింది. సిస్టర్ నా పక్కన వంగి మెల్లగా అడిగింది.

"మోషన్‌కు పోతే నొప్పి లేస్తదా?"

చుట్టూ చూసి తలూపాను.

"కాళ్ళకు దిగుతదా?"

"అవ్ సిస్టర్."

"అయితే ఆపరేషన్ ఆపు. గిది ఎండోమెట్రియోసిస్ లెక్క ఉన్నది. అందరు గైనిక్ డాక్టర్లు గిది చూడరు. పేగుల సర్జన్‌ను పక్కన పెట్టుకుని లాపరోస్కోపీ చేసే మేడమ్ కావాలె." అలాంటి మేడమ్ పేరు, ఆస్పత్రి పేరు ఒక చీటీ మీద రాసిచ్చింది. ఇంటికి వచ్చేసరికి చేపల నీళ్ళకు తడిసి సగం చెరిగిపోయింది, ఆస్పత్రి పేరు మాత్రం మిగిలింది.

ఇంట్లో గొడవ తప్పలేదు. "నాలుగు దినాలల్ల అయిపోయేదానికి మళ్ళ పట్నం ఎందుకే?" అన్నాడు శ్రీను.

"గిది నా కడుపు. నీ వల కాదు, ఎట్లపడితె గట్ల కొయ్యనిస్త అనుకుంటున్నవా?" అన్నాను. ఆయన అన్నం ముట్టకుండా బయటికి వెళ్ళిపోయాడు. తెల్లారి రిపోర్టులన్నీ వరుసగా సర్ది, ఫైలు పట్టుకుని బస్టాండులో నా కంటే ముందు నిలబడి ఉన్నాడు. మమ్మల్ని బస్సెక్కించి తను చెరువుకు పోయాడు. అత్తమ్మ నాతో వచ్చింది. ఒక్కదాన్నే పోతే డాక్టర్లు నన్ను మాయ చేస్తారని ఆమె భయం.

ఆ మేడమ్ స్కాన్ చూడకముందు చాలాసేపు ప్రశ్నలే అడిగింది. ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతుంది, భర్తతో ఉన్నప్పుడు నొప్పి ఉంటుందా అని కూడా అడిగింది. అత్తమ్మ గోడ వైపు తిరిగింది. తర్వాత మేడమ్, "ఎప్పుడైనా నొప్పి లేని నెలలు ఉన్నాయా?" అంది.

"లేవు మేడమ్."

"ఇంకేమైనా మందులు వాడావా?"

"ఏం లేవు."

అన్ని చోట్లా ఈ ప్రశ్న అడిగారు, అన్ని చోట్లా అదే జవాబు చెప్పాను. అది అబద్ధం. మా ఇంటి బోనం కోడలే ఎత్తాలి, నెలసరిలో ఉంటే ఎత్తకూడదు. అందుకని మా వైపు ఆడవాళ్ళు మెడికల్ షాపులో నెలసరి వాయిదా వేసే గోలీలు కొని మింగుతారు. బోనాలకు, పెళ్ళిళ్ళకు, వ్రతాలకు నేనూ మింగేదాన్ని. ఏడాదికి నాలుగైదు సార్లు. చీటీ లేకుండా కొన్నామంటే డాక్టర్లు తిడతారని అందరం దాస్తాం.

అత్తమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది. "అబద్ధమాడుతున్నది మేడమ్! బోనాలకు నేనే గోలీలు తెప్పిచ్చి మింగిచ్చిన. గా గోలీలతోనే గిట్లయిందా? గిది నా పాపమేనా?"

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "గోలీల వల్ల ఈ జబ్బు రాలేదమ్మా, కూర్చో" అని నా వైపు తిరిగింది. "అవి మింగిన రోజుల్లో నొప్పి ఉండేదా?"

గుర్తు చేసుకున్నాను. నెత్తి మీద బోనం, వట్టి కాళ్ళు, అంత దూరం నడక. నొప్పి లేదు. మరిది పెళ్ళికి పది రోజులు మింగినప్పుడూ లేదు.

"లేకుండె మేడమ్. ఆపినంక బ్లీడింగ్ అయితే రెండింతలు వస్తుండె."

"అవి హార్మోన్ గోలీలు. వాటికి నొప్పి ఆగిందంటే నాకు ఒక దారి దొరికినట్టే. అదొక్కటే రుజువు కాదు, ఎంఆర్‌ఐ తీద్దాం. ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇన్నాళ్ళు తిరిగేదానివి కాదు" అంది. ఆ తర్వాత తిట్టనే తిట్టింది. అడగకుండా అవి మింగితే కొందరికి రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందట.

ఎంఆర్‌ఐలో కుడి ఓవరీ మీద పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్ట్, పేగుకు అతుక్కుని ఒక గడ్డ కనిపించాయి. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట పెరుగుతుందని, ప్రతి నెలా అక్కడ కూడా వాస్తుందని మేడమ్ బొమ్మ గీసి చూపించింది. "గర్భసంచి ఒక్కటి తీసి ఇవి వదిలేస్తే నీ నొప్పి నీకే ఉండేది" అంది.

మొదట కొన్ని నెలలు గోలీలు ఇచ్చారు, ఈసారి లెక్క ప్రకారం. నొప్పి సగం తగ్గింది కానీ రోజూ కొంచెం రక్తపు మరక కనిపించేది, మనసు కుంగిపోయేది. ఉత్తపుణ్యానికి ఏడుపొచ్చేది. మా పాప ఒకసారి, "అమ్మా, చేప సచ్చిపోయిందని ఏడుస్తున్నవా?" అని అడిగింది. సిస్ట్ మాత్రం పెరిగింది. చివరికి ఆపరేషన్ తప్పలేదు. పేగు కొంత కోయాల్సి రావచ్చు, కొన్నాళ్ళు మలం సంచి బయట పెట్టాల్సి రావచ్చు అని చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు. మెలకువ రాగానే మలం సంచి పెట్టారేమోనని కడుపు తడుముకున్నాను. సంచి లేదు. "సిస్టూ గడ్డా తీసేశాం. పేగు కోయలేదు, గర్భసంచి భద్రంగా ఉంది" అంది మేడమ్. సంతోషపడేలోపే మూత్రం రావడం ఆగిపోయింది. పది రోజులు మూత్రానికి క్యాథెటర్ గొట్టంతో ఇంట్లో ఉన్నాను. ఆ పది రోజులు నేను ఎవరితోనూ మంచిగా మాట్లాడలేదు.

ఏడాది తర్వాత మళ్ళీ చిన్న సిస్ట్ కనిపించింది. "ఇది షుగర్ లాంటిది అనుకో. పూర్తిగా పోదు, అదుపులో ఉంచుకోవాలి" అంది మేడమ్. రెండో కాన్పు ఇంతవరకు నిలవలేదు. నిలుస్తుందని ఆమె మాట ఇవ్వలేదు, నేను అడగడం మానలేదు.

ఇప్పుడు నేను నిలబడి చేపలు కోస్తాను. కింద కూర్చుంటే నొప్పి లేస్తుందని శ్రీను నడుము ఎత్తున బల్ల చేయించాడు. మొదట మా వరుస వాళ్ళు, "ఏం పిల్లా, పెండ్లిల వడ్డిస్తున్నవా?" అని నవ్వారు. తర్వాత ఇద్దరు అలాంటి బల్లలే చేయించుకున్నారు. నాకు బాగాలేని రోజు నా కోత వాళ్ళే వంతులేసుకుని కోస్తారు. అది లేకపోతే ఎప్పుడో మార్కెట్ మానేసేదాన్ని.

అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. గర్భసంచి తీసేయాలని ఎవరైనా అంటే, ఎందుకో కాగితం మీద రాయించుకుని ఇంకో డాక్టర్‌కు చూపించండి, ఆ డాక్టర్ దగ్గర ఏ గోలీ దాచకండి.

పోయిన నెల చెకప్‌కు వెళ్ళినప్పుడు అత్తమ్మ మేడమ్‌ను తనే అడిగింది. "నాకు సుత గిదేనా మేడమ్? నా గర్భసంచి ఉత్తగనే తీసిండ్రా?"

"అప్పటి కాగితాలు ఏమైనా ఉన్నాయా అమ్మా?"

"కాగితాలా? ఏం ఇయ్యలే. ఇంటికి పొమ్మన్నరు, పోయిన."

"అవి లేకుండా నేను చెప్పలేనమ్మా. ఇప్పుడున్న నొప్పి సంగతి చూద్దాం" అని మేడమ్ ఆమెకు స్కాన్ రాసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మా ఊరికి ముందొచ్చే శేరిగూడ దాటాక, నా వైపు చూడకుండానే అంది: "ఒక్క ఆడిపిల్ల కావాలని మస్తు ఉండె నాకు."