అన్న కోసం పెట్టించిన ప్రార్థన

మా ఆయన "అన్న" అని పిలిచే మనిషి పేరు నేనిక్కడ రాయను. రాస్తే పాపమని కాదు, ఆ పేరుకు నా సిరా దండగని.

మా ఆయన ఒకప్పుడు కార్ల దొంగ. దాచి లాభం లేదు, మెట్టుగూడలో మా వీధి వీధంతటికీ తెలుసు. తాళంచెవి లేకుండా డోర్ తీయడం ఈయన పని, తీసిన బండిని తోలుకుపోయి అమ్ముకోవడం అన్న పని. ఒకసారి పోలీసులు చుట్టుముడితే అన్న పారిపోయాడు, ఈయన దొరికిపోయారు. ఎన్ని దెబ్బలు తిన్నా అన్న పేరు బయటపెట్టలేదు. ఈయన లోపల ఉండగానే మా అత్తగారు పోయారు. అప్పుడు శవపెట్టె తెచ్చిందీ, గుంత తవ్వించిందీ, సమాధి మీద సిలువ నిలబెట్టిందీ అన్నే. "మా అమ్మను మట్టిల పెట్టిండు" అంటారు మా ఆయన, ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటూ. కొడుకును జైలుకు పంపి తల్లికి పెట్టె కొన్నాడు, ఎంత గొప్ప మనసండీ! ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.

జైలు నుంచి వచ్చాక మా పాస్టరుగారు పూచీపడి, నేను చిన్నపిల్లలకు చదువు చెప్పే బడిలోనే ఆయనకు వ్యాన్ నడిపే పని ఇప్పించారు. పొద్దున్నే పిల్లలు "డ్రైవర్ అంకుల్" అంటూ ఎగబడతారు. తల్లులు నమ్మి చేతికి అందిస్తారు. మళ్లీ ఒక్క కారు తాళం ముట్టుకున్నారా, ఆ వ్యాన్ పోతుంది, నా ఉద్యోగం పోతుంది, ఈ వీధిలో తలెత్తుకుని తిరగడం పోతుంది.

అలాంటిది ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎక్కడో కాప్రాలో ఉండే ఆ అన్న మా ఇంటికి దిగబడ్డాడు.

"చెల్లె, జెర చాయ్ పెట్టు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వంటింట్లో నేనున్నానని గొంతైనా తగ్గించలేదు. "యాప్రాల్ల ఒక బండి ఉంది తమ్మీ. గీ కొత్త పోరగాళ్లతోని అయితలేదు. నువ్వు డోర్ తీసిస్తే చాలు, మిగతాది నేను చూస్కుంట."

"గవన్నీ బంద్ చేసిన కదన్నా."

"ఒక్కసారికి ఏమైతది? అమ్మ పోయిన నాడు నేను గిట్లనే నాకెందుకన్ననా?"

మా ఆయన నేల చూస్తూ "చూస్తా అన్నా" అన్నారు.

వాడు గడప దాటగానే నేను విరుచుకుపడ్డాను. "చూస్తా ఏమిటండీ, చూస్తా? లేదని చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"నీకు తెల్వదు, ఊకో" అన్నారు.

నాకు బాగానే తెలుసు. ఈయన పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషికి కాదని చెప్పింది లేదు. పోలీసులకు చెబుదామంటే ముందు ఈయన్నే స్టేషన్‌కు లాక్కెళతారు. ఏం చేయాలో నాలుగు రోజులు తోచలేదు.

శుక్రవారం మా స్త్రీల కూడిక. చివర్లో ఒక్కొక్కరూ ప్రార్థన అవసరతలు చెప్పుకుంటారు. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరి కొడుక్కి ఉద్యోగం లేదు. నా వంతు వస్తే ఎప్పుడూ "అంతా క్షేమమే" అనేదాన్ని. ఆ రోజు లేచి నిలబడ్డాను.

"మా ఆయన్ని మళ్లీ కార్ల దొంగతనానికి లాగుతున్న ఒక సహోదరుడు ఉన్నాడండీ. అతని రక్షణ కోసం ప్రార్థించండి. పేరెందుకు, దేవుడికి తెలుసు."

పేరు చెప్పలేదు గానీ కాప్రా చెరువు పక్క వీధి చెప్పాను, కింద టైలర్ షాపున్న ఇల్లు చెప్పాను, తెల్ల స్కూటర్ చెప్పాను, ఎడమ చెవి పోగు కూడా చెప్పాను. దేవుడు వెతుక్కోకుండా వెళ్లాలి గదా!

కూడిక నడిపే పెద్దావిడ రిటైరైన టీచరు. మనసులో కల్మషం లేని మనిషి. ఆ వారంలోనే కాప్రా వైపు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆ ఇంటికే వెళ్లారు. గేటు ముందు నిలబడి చప్పట్లు కొట్టి పాడారట. "ప్రభువా, ఈ బిడ్డ చేతులను కార్ల దొంగతనం నుంచి విడిపించు తండ్రీ!" అని ఎలుగెత్తి ప్రార్థించారట. వీధంతా బయటికొచ్చింది. మేడమీద ఓనరు బాల్కనీలోంచి అంతా విన్నాడు. అన్న తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడట. ఏమంటాడు పాపం? వాళ్లు తిట్టలేదు, కొట్టలేదు. పైగా పెద్దావిడ అతని నెత్తిమీద చెయ్యి పెట్టి దీవించారు కూడా. మరుసటి వారం మళ్లీ వెళ్లారు. ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

ఆ కబురు విన్న రోజు నా కడుపు చల్లబడింది. చికెన్ తెప్పించి వండుకుని, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను.

మా ఆయనకు తెలియనే తెలిసింది. "నువ్వేనా?"

"నేనే."

"మా అమ్మను మట్టిల పెట్టిన మనిషిని రోడ్డు మీద పడేస్తవా?"

"మిమ్మల్ని జైల్లో పడేసిన మనిషిని!" అన్నాను.

ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచారు. వీధి చివర అన్న స్కూటర్ మీద ఎదురుచూస్తున్నాడు. ఈయన వెనక ఎక్కారు, ఇద్దరూ వెళ్లిపోయారు. అయిపోయింది, నా చేతులతో నేనే ఈయన్ని యాప్రాల్‌కు తోలాననుకున్నాను. నా పగ నన్నే కాల్చిందనుకున్నాను. గడపలోనే కూలబడ్డాను.

చీకటి పడకముందే తిరిగొచ్చారు. "బండి ముట్టనన్నా, ఇగ ఎన్నటికీ ముట్ట అని చెప్పిన" అన్నారు.

"మరి ఇంతసేపు?"

"రూమ్ చూసినం. మన వెనక గల్లీల దొరికింది. ఓనర్‌కు నేనే మాట ఇచ్చిన."

వెనక గల్లీలో! మా వంటింటి కిటికీ తీస్తే వాడి బట్టలు ఆరేసిన తాడు కనిపిస్తుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ శనివారం ఆడా మగా కలిసి చేసుకునే ఇంటి కూడిక మా ఇంట్లో. మా ఆయన అన్నను తీసుకొచ్చి ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టారు. పెద్దావిడ మురిసిపోయారు, ప్రభువు ప్రార్థన ఆలకించాడని. అవసరతలు చెప్పమన్నారు. కూడికల్లో ఏనాడూ నోరు విప్పని మా ఆయన లేచి నిలబడ్డారు.

"నా భార్య కోసం ప్రార్థన చెయ్యుండ్రి. ఆమె ఒక మనిషిని క్షమించలేకపోతున్నది."

అందరూ కళ్లు మూశారు. నా ఇంట్లో, నా చాపల మీద, నా కఠిన హృదయం కోసం ఎలుగెత్తారు. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది అన్నే.

నేను అనలేదు. ప్రతి కూడికలో ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నారు. ఇప్పటికీ అనలేదు.