నంజమ్మ శనివారాలు

2023లో కర్ణాటకలో, చింతామణి తాలూకాలోని ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరాను. నా పని ఎన్‌సీడీ క్లినిక్‌లో, అంటే బీపీ, షుగర్ లాంటి ఏళ్ళ తరబడి ఉండే జబ్బులు చూసేచోట. కొత్తవాళ్ళతో మాట కలపడం నాకు కష్టం. అడగాల్సిన ప్రశ్నలు ముందే మనసులో పేర్చుకునేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం కెంచార్లహళ్ళి వైపునుంచి మునిరాజు అనే రైతు తన తల్లి నంజమ్మను తీసుకొచ్చాడు. పట్టుపురుగుల పెంపకంలో ఆమెకు ఊళ్ళో మంచి పేరు.

"మతి పోతాండాదమ్మా. పోయిన నెల పురుగులకు తడి ఆకు ఏసింది. సగం చచ్చిపోయినాయి. పురుగుల ఇంటి తాళంచెవి నేనే తీసేసుకున్నా. అప్పట్నుంచి నాతో మాట్లాడదు. డిమెన్షియా అంటారే, ఆ మతిమరుపు జబ్బేనని మీరు చెప్తే ఇంక ఆ పని మాన్పించేస్తా."

నంజమ్మ నుదుటినిండా చెమట. చేతులు వణుకుతున్నాయి. కొడుకు పేరడిగితే అతనికేసి చూసి ఊరికే నవ్వింది. వేలి కొసనుంచి రక్తపు చుక్క తీసి గ్లూకోమీటర్‌లో షుగర్ చూశాను. బాగా పడిపోయింది. డాక్టరమ్మకు చెప్పి వెంటనే గ్లూకోజు నీళ్ళు తాగించాను. కాసేపటికి ఆమె చూపు కుదురుకుంది.

"ఏమిరా మునిరాజా, నన్ను యాడికి తోలుకొచ్చినావు?"

"పొద్దున ఏం తిన్నారమ్మా?" అని అడిగాను.

"శనివారం ఒక్కపొద్దు గదా తల్లీ. మాపటికి దీపం పెట్టినాకనే తినేది."

"మరి షుగర్ మాత్ర?"

"మింగినా. మాత్ర తిండి యాడయితాది? దేవునికి తెలీదా?"

మునిరాజు మెల్లగా అన్నాడు: "తడి ఆకు ఏసింది గూడా శనివారమే."

డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి చెప్పింది. షుగర్ ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి, మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. మాటిమాటికీ షుగర్ ఇలా పడిపోవడం కూడా మెదడుకు మంచిది కాదు. మాత్ర మార్చింది. రాగి మంచిదని రెండు పూటలా పెద్ద ముద్ద తినే అలవాటు తగ్గించి, పప్పూ ఆకుకూరా పెంచమంది. ఒక్కపొద్దు మానమంది.

"మానను. మొక్కుకున్నా," అంది నంజమ్మ.

నేను కొంచెం ధైర్యం చేశాను. "వేళకు తిని, ఇంకేదైనా వదిలితే మొక్కు చెల్లదా అమ్మా?"

"ఉప్పు వదుల్తా. చప్పిడి ముద్ద తినేదానికంటే పస్తే సుఖం. దేవుడు మెచ్చుకోవాల."

డాక్టరమ్మ నవ్వేసింది. "మీ బీపీకీ మంచిదే."

కొన్ని నెలల తర్వాత మళ్ళీ వచ్చారు. శనివారాల తికమక పోయిందన్నాడు మునిరాజు. అయినా జ్ఞాపకశక్తి పరీక్షలో చెప్పిన మాటల్లో ఒకటి ఆమెకు గుర్తురాలేదు. కొంత మరుపు ఉందని, గమనిస్తూ ఉండాలని డాక్టరమ్మ అంది.

అప్పటినుంచి మతిమరుపని ఎవరొచ్చినా, ఆ పూట ఏం తిన్నారు, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు అని ముందు అడుగుతాను. అన్ని మరుపులూ ఆ జవాబుతో తీరవు. తీరేవి మాత్రం అడగకపోతే తెలియవు.

ఆ రెండోసారి వచ్చినప్పుడు, వెళ్తూ వెళ్తూ నంజమ్మ ఆగింది. "నీ పేరేమి తల్లీ? పోయిన తూరి గూడా అడిగినట్లుండాది."

మళ్ళీ చెప్పాను. తల ఊపి, కొంగు సర్దుకుంది. కొంగు చివర ముడిలో పురుగుల ఇంటి తాళంచెవి ఉంది.