ఎనిమిదో క్యాసెట్టు

మా అబ్బాయి శీను పోయి ఆరేళ్ళయింది. పత్తికి పురుగుమందు కొట్టి ఇంటికొచ్చి, వాంతులు చేసుకుంటూ పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. వాడు గుంటూరు వెళ్ళినప్పుడల్లా పాటల పేర్లు చీటీ మీద రాసి కొట్టులో ఇచ్చి, ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించుకొచ్చేవాడు. వాటి మీద ‘కొత్తవి-1’, ‘కొత్తవి-2’ అని రాసేవాడు. ఏడు నిండాయి. ‘కొత్తవి-8’ అని రాసిపెట్టిన క్యాసెట్టు ఖాళీగా ఉండిపోయింది. మొన్న పెట్టె సర్దుతుంటే అది చేతికి తగిలింది. అదొక్కటైనా నింపి తేవాలని బయల్దేరాను. నాలాగే పాత క్యాసెట్టు పట్టుకుని వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. నేను కాగితం మీద రాస్తే మా చెల్లెలి కూతురు కంప్యూటర్లో ఎక్కించింది.

పర్చూరులో ఉదయం ఏడింటికి బస్సెక్కాను. చిలకలూరిపేట మీదుగా గుంటూరుకు రెండు గంటల పైనే పట్టింది. టిక్కెట్టు ముప్పై రూపాయల చిల్లర. మిరపకోతల కాలం కదా, దారి పొడుగునా కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. డ్రైవరు పెట్టిన పాటల్లో ఒక్కటీ నేను విన్నది కాదు. పక్కనున్న కాలేజీ పిల్ల మాత్రం అన్నిటికీ గొంతు కలుపుతోంది. “ఇవి కొత్తగా వచ్చినవా అమ్మా?” అని అడిగాను. “అయ్యో, పాతవే ఆంటీ. రెండేళ్ళయింది” అని నవ్వింది. నేను వినకముందే పాతబడిపోయాయన్నమాట. నాకు కొత్త పాట వినిపించే మనిషి ఇంట్లో లేడు మరి.

బస్టాండు దగ్గర ఆటో అతన్ని క్యాసెట్లు రికార్డు చేసే కొట్టు అడిగితే, “క్యాసెట్లా! ఏ కాలంలో ఉన్నావు పెద్దమ్మా? ఇప్పుడంతా సెల్లులోనే” అన్నాడు. అయినా నాలుగు వీధులు తిప్పి ఒక కొట్టు ముందు దించాడు. పదిహేను రూపాయలు తీసుకున్నాడు. కొట్టాయన నా వయసువాడే. మూలన గుడ్డ కప్పిన రికార్డింగు మిషను చూపించి, “పనిచేస్తుందమ్మా. చీటీ ఇవ్వండి” అన్నాడు.

“చీటీ లేదయ్యా. కొత్తవి ఎక్కించు.”

“కొత్తవంటే ఏవండీ?”

“మావాడుంటే ఏవి రాసిచ్చేవాడో అవి.”

సంగతంతా చెప్పాను. ఆయన క్యాసెట్టు అందుకుని మీద రాత చదివాడు. “ఇప్పుడుంటే ఎన్నేళ్ళమ్మా?”

“ఇరవై ఏడు.”

“అయితే మీవాడికీ ఈ కొత్తవి నచ్చేవి కావులెండి. అప్పట్లో నాకు చీటీలిచ్చిన కుర్రాళ్ళంతా ఇప్పుడు పిల్లల్నెత్తుకొచ్చి, మా కాలం పాటలే పాటలంటున్నారు.”

మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం కారం తగిలినట్టయింది. కొత్త పాటల్ని తిట్టుకునే వయసు దాకా కూడా వాణ్ణి ఉండనివ్వలేదు ఆ పురుగుమందు.

ఆయన ఒక పాట పెట్టాడు. డబ్బాల్లో రాళ్ళు పోసి ఊపినట్టుంది, ఒక్క మాటా తెలియలేదు. “ఆపయ్యా ఆ గోల!” అని అరిచాను. ఆయన ఆపేశాడు.

ఆ మాట నాకు కొత్తది కాదు. శీను టేపు పెట్టినప్పుడల్లా వంటింట్లోంచి “ఆపరా ఆ గోల” అనేదాన్ని. “ఒక్కసారి వినవే అమ్మా” అనేవాడు. వాడు పోయాకే ఆ ఏడు క్యాసెట్లూ కూర్చుని విన్నాను. ఇప్పుడవి నాకు నోటికొచ్చు.

ఎనిమిదోది ఖాళీగానే వెనక్కి తెచ్చాను. మధ్యాహ్నం రెండింటి బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. వయసు మీదపడితే కొత్త పాటలు చెవికెక్కవంటారు. నాకు ఎక్కకపోవడం కాదు, ఎక్కించుకోలేదు. బతికున్నవాడు పెట్టినప్పుడు గోల, పోయినవాడివైతే పాటలు. ఈ బుద్ధి ఎవరికీ వద్దు.

మీరు వెళ్ళేటట్టయితే పాటల పేర్లు చీటీ మీద రాసుకుని వెళ్ళండి, చీటీ లేకపోతే కొట్టాయన మాత్రం ఏం చేస్తాడు? ఆ పేర్లు మీ పిల్లల్ని ఇవాళే అడగండి.